పనికెళ్లిన కుడిచెయ్యి

పొద్దున్నే పరదేశి కంటే ముందు అతని కుడిచెయ్యి లేచేది. మంచం దిగి, గడప దాటి, రాయపూర్ రైల్వే క్వార్టర్ల వెనక నుంచి పట్టాల దారి పట్టేది. పరదేశి తీరిగ్గా లేచి, గంజి తాగి, నీళ్లకుండ భుజాన పెట్టుకుని దాని వెనక వెళ్లేవాడు.

కిందటేడు రెండు వ్యాగన్ల మధ్య నలిగితే ఆస్పత్రిలో తీసేసిన చెయ్యే అది. కట్లు విప్పిన నాటి నుంచి తన మానాన తాను డ్యూటీకి వెళ్లిపోతోంది. మణికట్టు మీద భార్య పేరు 'వరహాలు' అని పచ్చబొట్టు ఉంది కాబట్టి ఎవరిదన్న పేచీ రాలేదు. పట్టా ఎత్తేటప్పుడు గ్యాంగువాళ్లు దానికి చోటు వదిలేవారు. ఖైనీ నలిపితే దాని వాటా తీసి పక్కన పెట్టేవారు.

పరదేశికి మాత్రం అక్కడ చోటు లేదు, గ్యాంగుకి నీళ్లందించే పనిలో పెట్టారు. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు. జాలి, అంతే. అతను గునపం ముట్టుకుంటే "నీకెందుకురా కష్టం" అని లాక్కునేవారు. ఒకప్పుడు పట్టా ఎత్తడానికి పాట అందుకునేది పరదేశే. చెయ్యి పోగానే ఆ పాట కూడా తీసి నూకరాజుకి ఇచ్చేశారు. పాడటానికి చెయ్యెందుకని ఒక్కడికీ తోచలేదు.

పరదేశికి కాలు నిలిచేది కాదు. కుండ దించేవాడు, మళ్లీ ఎత్తేవాడు, చొక్కా ఖాళీ చేతిని నలిపి నలిపి చింపుకునేవాడు. ఇంటికొస్తే వరహాలమ్మ ఊరుకునే రకం కాదు.

"నీ సెయ్యికున్న పౌరుషం నీకు నేదేటి? అది అడక్కుండా ఎల్లి నిలబడతంది. నువ్వు కుండట్టుకుని కూకుంతావు."

ఒకరోజు మోవా దగ్గర పని. మేస్త్రి సత్తిరాజు అతన్ని పక్కకి పిలిచాడు.

"ఇయ్యాల ఇంజనీరు సాయబు తనికీకి ట్రాలీ మీద వస్తన్నాడు. నీ వల్ల పని కాదని సెప్పేత్తాను. ఊరెల్లి ఆరామ్‌గా బతుకు."

"నన్నడిగేవా మావా?"

"అడగడానికేటుందిరా? నీ మంచికే కదా."

పరదేశికి ఒళ్లు మండిపోయింది. ఉద్యోగంతో పాటు క్వార్టరూ పోతుంది. ఊళ్లో కూర్చుంటే తిండి ఎవరు పెడతారు? చెయ్యి మాత్రం తన చోట నిలబడి పనికి సిద్ధంగా ఉంది.

తిల్దా నుంచి బియ్యం గూడ్సు వచ్చే వేళవుతోంది. అరిగిన పట్టా తీసేశారు, కొత్తది ఎత్తి వెయ్యాలి. అందరూ వంగారు. నూకరాజు పాట అందుకున్నాడు. పట్టా కదల్లేదు. మళ్లీ పాడాడు. చూస్తే, చెయ్యి ఎత్తడం మానేసి పట్టాని కిందికి అదిమి పెడుతోంది.

"దీనికేటయిందిరా!" అని సత్తిరాజు దాన్ని బతిమాలాడు, తిట్టాడు. ఈలోగా ట్రాలీ వచ్చింది. తెల్లదొర వెళ్లాక వచ్చిన మనదేశపు సాయబు దిగి, "జల్దీ కరో!" అని అరిచాడు.

పరదేశి ఇక ఆగలేకపోయాడు. కుండ కంకర మీద కుదేశాడు. పగిలింది.

"మేస్త్రి మీసం వంకరోయ్!"

పాత అలవాటు. ఆలోచించకుండానే గ్యాంగంతా బదులిచ్చింది. "హైలెస్సా!"

"మేవెత్తే పట్టా తిన్ననోయ్!"

"హైలెస్సా!"

చెయ్యి అదమడం మానేసి పైకెత్తింది. పట్టా లేచింది, వెళ్లి తన చోట కూర్చుంది. మేకులు బిగించారో లేదో, గూడ్సు దాటిపోయింది.

"ఎవడు వీడు?" అని సాయబు హిందీలో అడిగాడు.

సత్తిరాజు మీసం తడుముకున్నాడు. పొద్దున్న అనుకున్న మాట గొంతు దాకా వచ్చి, దిగిపోయింది.

"మా పాటగాడు హుజూర్. వీడు నేకపోతే పని సాగదు."

మర్నాడు తెల్లారింది. చెయ్యి లేవలేదు. మంచం మీద వేళ్లు ముడుచుకుని ఆదమరిచి నిద్రపోతోంది. వరహాలమ్మ కంగారుపడి లేపబోయింది.

"ఇదేటి, ఇంకా నెగనేదు?"

"పడుకోనీవే" అన్నాడు పరదేశి, ఎడంచేత్తో దానిమీద దుప్పటి కప్పుతూ. "ఇయ్యాల్టి నుంచి నానెల్తాను."