పాలైసు డబ్బా

లాలి కూతురు మౌనికకు వచ్చిన చక్కెర జబ్బు ముసలోళ్ళకు వచ్చేలాంటిది కాదు. ముసలోళ్ళదయితే పూటకో గోలీ మింగి, అన్నం తగ్గించి, పొద్దున్నే నాలుగడుగులు నడిస్తే కాస్త మాట వింటుంది. ఇది పదకొండేళ్ళ పిల్లకు వచ్చింది. ఒంట్లో పుట్టాల్సిన ఇన్సులిన్ పుట్టనే పుట్టదు. పొద్దున ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి సూదితో ఎక్కించుకోవాలి, బతికినన్నాళ్ళూ. పోనీ ఎక్కించుకుంటే కుదురుగా ఉంటుందా అంటే అదీ లేదు. అదే సూది, అదే జొన్నరొట్టె. ఒకరోజు చక్కెర ఎక్కడికో ఎక్కి కూర్చుంటుంది, మర్నాడు పాతాళానికి పడిపోయి పిల్ల చెమటలు కక్కుతూ వణికిపోతుంది. అట్లా పడిపోయినప్పుడు వెంటనే నోట్లో వేసుకోవడానికి మౌనిక లంగా అంచుకు ఎప్పుడూ ఒక బెల్లంముక్క మూటగట్టి ఉండేది. తింటే ప్రాణం తీసే బెల్లమే తినకపోతే ప్రాణం పోయే బెల్లం కూడా. ఇదేం జబ్బురా నాయనా అని తండా తండా ముక్కున వేలేసుకుంది.

వాళ్ళ తండా తొర్రూరుకు దగ్గరే, మానుకోట రోడ్డు మీద. ఇంట్లో మాట్లాడేది లంబాడీ. తల్లిని 'యాడీ' అంటారు. మనం ఆ పిలుపొక్కటి ఉంచుకుని మిగతాది తెలుగులో చెప్పుకుందాం. లాలి పత్తి చేలల్లో కూలికి పోతుంది. మొగుడు మంగ్యా భూపాలపల్లి బొగ్గుగనుల దగ్గర కాంట్రాక్టు పని చేస్తాడు. నెలకోసారి ఇంటికొస్తూ దారిలో వరంగల్లులో దిగి పిల్ల మందు సీసాలు కొనుక్కొస్తాడు. ఇంట్లో ఫ్రిజ్ ఎక్కడిది? పెద్ద కుండలో ఇసుక పోసి, నీళ్ళు చల్లి, మధ్యలో చిన్న కుండ దించి, వాడే సీసాను అందులో పెట్టి తడిగుడ్డ కప్పేది లాలి. మూత తీయని కొత్త సీసాలు మాత్రం రోడ్డు మీద సారక్క కూల్‌డ్రింకుల కొట్టులో, ఫ్రిజ్ తలుపు అరలో ఉండేవి.

అట్లా రోజులు ఎట్లాగో గడుస్తుండగా సకలజనుల సమ్మె వచ్చింది. బళ్ళు మూశారు. ఆఫీసులు మూశారు. బస్సులు డిపోల్లో నిలబడిపోయాయి. బొగ్గు పైకి రావడం ఆగింది, దాంతోపాటే కరెంటూ ఆగింది. వస్తే వచ్చినట్టు, పోతే పోయినట్టు. మంగ్యా భూపాలపల్లిలోనే చిక్కుపడ్డాడు. ఫోన్ చేసినప్పుడల్లా, "పిల్ల పైలం. మందు పైలం" అని జాగ్రత్త చెప్పడమే తప్ప అంత దూరం నుంచి చేయగలిగిందేమీ లేదు. లాలికి సమ్మె మీద కోపం లేదు. తెలంగాణ వస్తే మంగ్యా పని పర్మినెంటవుతుందని ఆమెకూ ఆశే. కానీ సారక్క ఫ్రిజ్‌లో మిగిలింది రెండే కొత్త సీసాలు. అవి పాడైతే మళ్ళీ తెచ్చే దారి లేదు. ఆ భయంతో ఆమెకు ముద్ద దిగేది కాదు.

ఒకనాడు సారక్క కొట్టు ముందునుంచి కేకేసింది.

"ఓ లాలీ, ఫ్రిజ్జు ఉత్త బీరువ అయిపోయింది. లోపల పెడితే బయటికంటె ఉడుకుతున్నది. నీ మందు ఖరాబైతదే."

"అయ్యో, మరెట్ల అక్కా?"

"పరేషాన్ గాకు. మా ఆయన పాలైసు డబ్బ ఉన్నది గద!"

సారక్క మొగుడు బతికున్నప్పుడు సైకిలుకు చెక్కపెట్టె కట్టుకుని ఊరూరా పాలైసు అమ్మేవాడు. ఆయన పోయాక ఆ పని ఆమె అందుకుంది. తొర్రూరు ఫ్యాక్టరీలో జనరేటర్ మీద తయారయ్యే ఐసుగడ్డలు తెప్పించి, నలగ్గొట్టి, దొడ్డుప్పు బాగా కలిపి, మధ్యలో పాల డబ్బాలు దించుతుంది. ఉప్పు పడితే ఐసుకు ఎక్కడలేని చలి పుడుతుంది, పాలు రాయిలా బిగుస్తాయి. సమ్మె టెంటు దగ్గర ఆ పాలైసుకు మంచి గిరాకీ. సారక్క రెండు సీసాలనూ గుడ్డలో చుట్టి, పాల డబ్బాల మధ్య ఉప్పుఐసులోకి జాగ్రత్తగా దించింది.

"పాలే గడ్డ కడుతున్నయంటే నీ మందు ఎంత సల్లగుంటదో సూడు" అంది.

లాలి ఆమె చేతులు పట్టుకుంది. చల్లగా ఉంచాలని మాత్రమే ఆమెకు తెలుసు. ఎంత చల్లగా ఉంచాలో డాక్టరు మంగ్యాకు చెప్పాడు. ఆ మాటను మంగ్యా ఇంటిదాకా మోసుకురాలేదు. ఎంత చల్లగా ఉంటే అంత మంచిదని ఆడవాళ్ళిద్దరూ తృప్తిపడ్డారు. అడగకముందే సాయం చేసే మనిషి దొరకడం అదృష్టమే, కాదనలేం. ఆ అదృష్టమే కొంప ముంచింది.

కుండలోని పాత సీసా అయిపోయిన పొద్దున లాలి వెళ్ళి రెండు సీసాలూ తెచ్చుకుంది. రెండూ గడ్డకట్టి ఉన్నాయి. వాటిని అరచేతుల్లో, చెంపలకు ఆనించుకుని కరిగించింది. కరిగాయి కదా, ఇంకేం? ఒకటి మౌనిక చేతికిచ్చింది. సూదిలోకి మందు తీసేముందు సీసాను అరచేతుల మధ్య దొర్లించాలి. దొర్లిస్తే మందంతా పాలలా ఒక్కతీరుగా తెల్లబడుతుంది. ఆ పని ఎప్పుడూ మౌనికదే. పిల్ల దొర్లించింది, వెలుతురుకు పట్టి చూసింది, మళ్ళీ దొర్లించింది.

"యాడీ, మందు విరిగిన పాల లెక్కున్నది. జూడు, పూసలు పూసలు అంటుకున్నయ్."

"సల్లదనానికి గట్లయింది. సూది తప్పిచ్చుకునేటందుకు సాకులు జెప్పకు" అంటూ లాలి సీసా లాక్కుని సూది వేసేసింది.

ఆ మర్నాడే తండా వాళ్ళు రోడ్డు మీద వంటావార్పు పెట్టుకున్నారు. అదీ ఉద్యమంలో ఒక పద్ధతే. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, బండి కదలకుండా కూర్చోవడం. డప్పులు మోగాయి, పాటలు లేచాయి. పెద్ద గంగాళంలో బెల్లమన్నం ఉడికింది. ఆడపిల్లలు వరసగా విస్తర్లు వేసి వడ్డించారు. వడ్డించేవాళ్ళలో మౌనిక కూడా ఉంది. చాలా రోజుల తర్వాత పిల్ల నవ్వుతూ తిరగడం దూరంనుంచి చూసి లాలికి కడుపు నిండింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి మౌనిక లంగా మీద బెల్లం మరకలున్నాయి. వచ్చీ రాగానే చెంబెడు నీళ్ళు గటగటా తాగింది. మళ్ళీ తాగింది. బయటికి పోయొచ్చి మళ్ళీ తాగింది.

పొద్దున చూస్తే పెరట్లో పిల్ల ఒంటేలుకు కూర్చున్నచోట చీమలు బారులు కట్టాయి. ఒంట్లో చక్కెర పొంగితే చీమలే ముందు చెబుతాయని లాలికి ఏడాదిగా తెలుసు.

"నిన్న బెల్లమన్నం తిన్నవా?"

"తినలే యాడీ."

"మరి లంగకు ఏందది?"

"వడ్డించేటప్పుడు పడ్డది. ఒట్టు."

మంచం మీదనుంచి మంగ్యా తల్లి మోతీబాయి అందుకుంది. "దీని చేతుల విస్తరాకు నేనే జూసిన. పోయిన తీజ్ పండుగకు సుర్మ ఎవరు దొంగిలించి తిన్నరు? దవాఖాన పాలు ఎవరైన్రు?"

అది నిజమే. తీజ్ అంటే తండాలో పెళ్ళికాని ఆడపిల్లల పండుగ. తొమ్మిది రోజులు గోధుమ మొలకలకు నీళ్ళు పోసి కొలుస్తారు. చివర్లో రొట్టె నలిపి బెల్లం కలిపిన సుర్మ పంచుతారు. పోయిన ఏడు మౌనిక గాదె వెనక దాక్కుని పిడికెడు సుర్మ తిని, రెండు రోజులు సెలైన్ ఎక్కించుకుంది. ఒకసారి దొంగతనం చేసిన పిల్ల మాట తర్వాత ఎవరు నమ్ముతారు? తల్లయినా నమ్మదు. లాలి కూతుర్ని రెక్క పట్టుకుని రెండు దెబ్బలు వేసింది.

"తినలే యాడీ. నిజంగ తినలే."

మధ్యాహ్నానికి పిల్ల కక్కింది. కడుపునొప్పని ముడుచుకుపోయింది. లాలి సూది వేసింది, దప్పిక తీరలేదు, చక్కెర దిగలేదు. అంటే పిల్ల దొంగచాటుగా చాలానే తిని ఉండాలి. కాదంటే? ఆ 'కాదంటే' వైపు లాలి మనసు పోనే పోలేదు. అక్కడ ఆమెకు చేతనైంది ఏదీ లేదు. బస్సు లేదు, మొగుడు లేడు, ఆ రెండు తప్ప మరో సీసా లేదు. ఆమె కూతురి పక్కన కూలబడి తలబాదుకుంది.

"నీకు దండం బెడత, నిజం జెప్పు బిడ్డా. తిన్ననంటె ఒక్కమాట గూడ అనను. తిన్నదానికి మందు ఇంత ఎక్కువేస్తె దిగుతది. అంతే గద. నువ్వు తినకుంటనే గిట్లయితే… నేనేం జెయ్యాలె? యాడికి పోవాలె నేను?"

లాలి బావురుమని ఏడ్చింది. మౌనిక తల తిప్పి తల్లి ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. పెదాలు పిడచకట్టి ఉన్నాయి.

"తిన్న యాడీ" అంది.

లాలి గుండె మీదనుంచి బండ దిగింది. ఇది ఒప్పుకోవాల్సిన సంగతే, నిజంగా దిగింది. కోపం రాలేదు సరికదా, పిల్లను దగ్గరికి లాక్కుని నుదురు ముద్దుపెట్టుకుంది. "గంతే, గంతే. గిది ముందే జెప్తే కొడుదునా?" అంటూ ఆ సీసాలోంచే ఇంకొంచెం ఎక్కువ మందు తీసి వేసింది. కాసేపటికి రెండో సీసా కూడా తెరిచి మరికొంత వేసింది. మౌనిక చెయ్యి చాపి ఊరుకుంది. పూసలున్నాయని ఈసారి అనలేదు.

పొద్దు వాలేసరికి పిల్ల ఊపిరి మారింది. పరుగెత్తి వచ్చినట్టు లోతుగా, గట్టిగా లాగుతోంది. నోటినుంచి మాగిపోయిన పండు వాసన వస్తోంది. పిలిస్తే పలకడం లేదు. లాలి చేతుల మీద ఎత్తుకుని రోడ్డు మీదికి పరుగెత్తింది. సారక్క కేకలేస్తే, ఆటో నడిపే తిరుపతి బండి తీశాడు. దారిలో రాస్తారోకో పెట్టిన చోటల్లా తిరుపతి తల బయటికి పెట్టి, "పానం మీదికొచ్చింది అన్నా, జరగండ్రి!" అని అరిచాడు. దారికి అడ్డం కూర్చున్న కుర్రాళ్ళే పరుగున వచ్చి రాళ్ళు పక్కకు దొర్లించారు, మోటారుసైకిళ్ళ మీద ముందు నడిచి తర్వాతి మలుపు దగ్గర దారి తెరిపించారు. మానుకోట పెద్ద దవాఖాన చేరేదాకా లాలి ఒకటే మాట అంటోంది: "బెల్లమన్నం తిన్నది, దొంగతనంగ తిన్నది." అక్కడా అదే చెప్పింది.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ పిల్లకు సెలైన్ పెట్టించి, దవాఖాన ఇన్సులిన్ ఎక్కించి, ఊపిరి కాస్త నెమ్మదించాక లాలి వైపు తిరిగింది.

"ఏ మందు వాడుతున్నరమ్మా? తెచ్చినవా?"

లాలి కొంగుముడి విప్పి రెండు సీసాలూ ఇచ్చింది. డాక్టరమ్మ దొర్లించి దీపానికి పట్టింది. గాజు లోపల తెల్లటి పూసలు అంటుకుని ఉన్నాయి, కింద నీళ్ళు వేరుగా నిలిచాయి.

"గడ్డకట్టిందా ఇది?"

లాలి సంతోషంగానే చెప్పింది, ఇసుక కుండ నుంచి పాలైసు డబ్బా దాకా సంగతంతా. చెబుతుండగానే డాక్టరమ్మ ముఖం మారింది.

"చల్లగ ఉంచాలె గాని గడ్డకట్టనియ్యొద్దమ్మా. ఒక్కసారి గడ్డకడితే కరిగించినా పనికిరాదు. రెండు రోజులసంది పిల్లకు మందే పోలే. బెల్లం తినకున్నా ఇట్లనే అవుతది. మీ ఇసుక కుండే మంచిగుండె."

లాలి గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. వేసిన దెబ్బలు గుర్తొచ్చాయి. అంతకంటే ఎక్కువగా ఆ ముద్దు గుర్తొచ్చింది. ముడిచి పక్కన పెట్టిన మౌనిక లంగా అంచున మూట అట్లాగే ఉంది. విప్పి చూస్తే తను కట్టిచ్చిన బెల్లంముక్క, కొరకకుండా, కట్టింది కట్టినట్టే ఉంది.

మర్నాడు ఎండ కిటికీ ఎక్కాక మౌనిక కళ్ళు తెరిచింది. లాలి మంచం పట్టెను రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

"నువ్వు తినలే గద బిడ్డా?"

మౌనిక తల అడ్డంగా ఊపింది.

"మరి తిన్ననని ఎందుకన్నవే?"

పిల్ల తల్లి కొంగు చివర పట్టుకుని నలుపుతూ, మెల్లగా, ఒక్కో మాటా అంది.

"నేను తినలేదంటె మందు ఖరాబైనట్టే గద యాడీ. ఉన్నయే రెండు సీసలు. బాపు రాడాయె, బస్సులు లేవాయె. కొత్తది యాడికెల్లి తెస్తవ్? నువ్వేమో ఒకటే ఏడ్వబడ్తివి. తిన్ననంటె నీకు జర నిమ్మళమైతదనుకున్న."

లాలి పిల్ల చేతిని తీసుకుని, ఆ చేత్తో తన చెంప మీద కొట్టుకోబోయింది. మౌనిక చెయ్యి గుంజుకుంది. తల్లి ఏడుపు చూసి మళ్ళీ ఏం అబద్ధం చెప్పాలోనని వెతుక్కుంటున్నట్టు బెదురుగా చూసింది. ఆ చూపు చూసి లాలి ఏడుపు మింగింది, కొంగుతో ముఖం తుడుచుకుని కుదురుగా కూర్చుంది.

సెలైన్ తీసేసిన రోజు పొద్దున నర్సమ్మ కొత్త సీసా, సూది పట్టుకుని మంచం దగ్గరికొచ్చింది. ఒక్క నిమిషం ఆగమని లాలి ఆ సీసా అడిగి తీసుకుంది. తను చూడలేదు. దాన్ని మౌనిక అరచేతుల్లో పెట్టింది.

"నువ్వు జూడు బిడ్డా. మంచిగున్నదా?"

మౌనిక సీసాను దొర్లించింది. వెలుతురుకు పట్టి ఒకసారి చూసింది, తిప్పి మళ్ళీ చూసింది. లాలి కూతురి ముఖాన్నే చూస్తోంది.

"మంచిగున్నది యాడీ" అంది పిల్ల.

అప్పుడు లాలి నర్సమ్మ వైపు తిరిగి, "వెయ్యమ్మా" అంది.