తోడికోడలి గాజుపలక

ఏకు మేకై కూర్చోవడమంటే ఏమిటో, తోడికోడలు లాబ్‌లో చేరాకే పెద్దకోడలికి తెలిసొచ్చింది. చేర్పించింది తనే. "మా మరిది భార్య సార్, ఇంత చదివి ఇంట్లో ఊరికే కూర్చుంది" అని సారుకు చెప్పింది తనే, చెయ్యి పట్టుకుని పని నేర్పిందీ తనే. ఇప్పుడు ఇంట్లో అత్తగారు, లాబ్‌లో సారు, ఇద్దరూ చిన్నకోడలినే నెత్తిన పెట్టుకున్నారు. ఒకచోటైతే ఓర్చుకోవచ్చు. రెండుచోట్లా అంటే ఎవరికి మాత్రం కడుపు మండదు!

వాళ్ల పని గాజుపలకల మీద జింక్ ఆక్సైడ్ పెంచడం. ఎండకు రాసుకునే క్రీముల్లో, పుండ్ల మలాముల్లో ఉండే తెల్లపొడే అది. ఇక్కడ మాత్రం పొడిలా కాదు, వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నని కడ్డీలుగా పెరగాలి. పలకకు ఒకవైపు కంటికి కనబడని విత్తనపు పూత వేసి, జింక్ లవణం కలిపిన నీళ్లలో ఏటవాలుగా నిలబెట్టి, ఓవెన్‌లో వేడిచేస్తే ఆ పూత మీద కడ్డీలు నారులా లేస్తాయి. పూత కిందివైపుకే ఉండాలి. పైకి ఉందంటే నీళ్లలో పుట్టిన తెల్లముద్దలన్నీ దాని మీదే పడి కడ్డీలను పూడ్చేస్తాయి. ఏది ఏ వైపో తెలియడానికి పూత లేని వైపు మూలన చిన్న గీత గీసుకుంటారు.

కడ్డీలు నిటారుగా నిలిచిన పలక విషవాయువును ఇట్టే పసిగడుతుంది. ఫ్యాక్టరీలకు అలాంటి సెన్సర్లు చేసే పని లాబ్‌కు వచ్చింది. ఎవరి పలక బాగుంటే పని వాళ్లదే, పర్మనెంట్ ఉద్యోగమూ వాళ్లదే అన్నాడు సారు. ఆ ఉద్యోగం కోసం పెద్దకోడలు ఏళ్లుగా కళ్లు కాయలు కాసేలా చూస్తోంది.

ఆ రోజు మధ్యాహ్నం చిన్నకోడలు ఫోను చెవికి ఆనించుకునే తన పలక ఉన్న బీకరు ఓవెన్‌లో పెట్టి, స్విచ్ వేసింది.

"భోజనానికి పోతున్నా అక్కా, రావూ?"

"ఆకలిగా లేదులే, నువ్వు కానివ్వు."

ఆకలి నిజంగానే లేదు. "చిన్నదాని చేతిలో ఏదో ఉందే" అని పొద్దున అత్తగారన్న మాట గొంతులో అడ్డంపడి ఉంది.

గది ఖాళీ అయ్యింది. పెద్దకోడలు ఓవెన్ తలుపు తీసింది. నీళ్లింకా వేడెక్కలేదు. పట్టకారుతో తోడికోడలి పలకను తిప్పి, పైది కిందకి చేసి, తలుపు మూసేసింది. లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. గీత ఎటుందో కూడా చూడలేదు. ఎందుకు చూస్తుంది? చిన్నకోడలు తప్పు చెయ్యదు. ఆ సంగతి పెద్దకోడలు నమ్మినంత గట్టిగా ఆ లాబ్‌లో ఇంకెవరూ నమ్మరు.

మర్నాడు మైక్రోస్కోపు తెర ముందు ముగ్గురూ కూర్చున్నారు. పెద్దకోడలి పలక మీద కడ్డీలు తలోవైపుకీ వాలి ఉన్నాయి. రెండో పలక పెట్టారు. ముద్దలు కనబడతాయని పెద్దకోడలు కుర్చీ ముందుకు జరుపుకుంది. ఒక్క ముద్ద లేదు. తెర నిండా కడ్డీలు గీత గీసినట్టు నిటారుగా నిలబడి ఉన్నాయి.

"శభాష్!" అన్నాడు సారు.

"నాది కాదు సార్ గొప్ప, అక్కది" అంది చిన్నకోడలు. "నిన్న అత్తయ్యతో ఫోన్లో మాట్లాడుతూ తలకిందులుగా పెట్టేశా. తింటుంటే గుర్తొచ్చి పరుగెత్తుకొచ్చి చూస్తే గీత పైకే ఉంది. ఎవరో సరిచేశారు. అప్పటిదాకా గదిలో ఉన్నది అక్క ఒక్కతే."

"పోటీ అని తెలిసి కూడానా?"

"నేనైతే చూసీ చూడనట్టు ఊరుకునేదాన్ని సార్. నీ మీద నాకెంత కుళ్లో నీకేం తెలుసక్కా! లాబ్‌లో ఎవర్నేమడిగినా, 'మీ అక్కనడుగు, మీ అక్కలా చెయ్యి' అనడమే."

చెడగొడదామనే తిప్పానన్న మాట పెద్దకోడలి నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే పరువు పోతుంది. చెప్పకపోయినా ఉద్యోగం ఎలాగూ పోయింది. మింగేసింది.

"పలక ఈమెదే కాబట్టి పని ఈమెకే ఇస్తున్నాను" అన్నాడు సారు. "కానీ ఇకనుంచి ప్రతి పలకా మీరు చూశాకే ఓవెన్‌లోకి వెళ్లాలి. మీ అంత నమ్మకమైన మనిషి నాకు దొరకరు."

"అలాగే సార్" అంది.

ఆ మధ్యాహ్నమే చిన్నకోడలు కొత్త బీకరు తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"చూడక్కా, సరిగ్గా ఉందా?"

పెద్దకోడలు ఈసారి వంగి చూసింది. తప్పు ఉంటే బాగుండుననిపించింది. లేదు.

"ఉంది" అని, ఓవెన్ తలుపు తనే తీసి పట్టుకుంది.