జయాబాయికి కప్పిన శాలువా

"ఇస్త్రీ చెయ్యకుండ ఎట్ల కప్పుతరు? మడతలు చూడున్రి, ముసలవ్వ నుదురు లెక్క ఉన్నయి," అంది సౌభాగ్య.

"ఎవలన్న మడతలు చూస్తరా? శాలువ చూస్తరు," అన్నాడు ఆమె భర్త అమరేశ్.

"నేను చూస్త."

"నువ్వు చూస్తవు. నీ కండ్లకు దేవుని గుళ్ల గూడ బూజే కనిపిస్తది."

ఆ మాటకు సౌభాగ్య ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకేసింది. మళ్లీ మనసొప్పక పెట్టి, మూతి ముడుచుకునే ఇస్త్రీ చేసింది.

రాయచూరులో వాళ్ల ఇంటి ముందు గదిలోనే జొన్నరొట్టెల దుకాణం. నలుగురైదుగురు ఆడవాళ్లు రొట్టెలు కొడతారు. అందరిలోకీ పాత మనిషి జయాబాయి. ఆమె చేతి రొట్టె తమలపాకంత పలచన, అయినా చిరగదు. పనివాళ్లను హుషారు చేయాలంటే నలుగురి ముందూ గౌరవించాలని ఫోన్‌లో ఏదో వీడియోలో ఎవరో చెప్పగా అమరేశ్ విన్నాడు. విన్న మర్నాడే శాలువా బయటికి తీశాడు.

పొయ్యిలు ఆర్పించి, జయాబాయిని కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి, శాలువా కప్పి, పళ్ల పళ్లెం చేతికిచ్చాడు. "ఇన్నేండ్ల సంది మా దుకాణానికి పేరు తెచ్చింది. జయక్క చల్లగుండాలె," అని ప్రసంగం కూడా చేశాడు. జయాబాయి కొంగుతో కళ్లు తుడుచుకుంది. సంతోషమే అనుకున్నారందరూ. సాయంత్రం పోతూ పోతూ ఆమె పొయ్యికి దండం పెట్టడం సౌభాగ్య చూసింది గానీ, ఆలోచించలేదు.

మర్నాడు ఆమె రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

"నెత్తికెక్కింది," అన్నాడు అమరేశ్. అన్నాడే గానీ, మళ్లీ రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎళ్ల అమావాస్య దగ్గర పడింది. ఆ రోజు రైతులు ఇంటిల్లిపాదీ బుత్తి, అంటే సద్దిమూట, కట్టుకుని చేనుకు పోయి, భూమితల్లికి పెట్టి, అక్కడే కూర్చుని తింటారు. ప్రతి బుత్తిలోనూ రొట్టెలు ఉండాల్సిందే. దుకాణానికి ఏడాది మొత్తంలో అంత గిరాకీ ఇంకెప్పుడూ ఉండదు.

సౌభాగ్య ఆటో ఎక్కి జయాబాయి ఇంటికి వెళ్లింది. ఆమె గడపలో కూర్చుని పల్లికాయలు ఒలుస్తోంది.

"ఏంది జయక్కా, పనికి రాకపోతివి?"

"ఎట్ల వస్తనమ్మా? మీరే సాగనంపితిరి గద."

"ఎవలు సాగనంపిన్రు?"

"సావుకారే. దండేసి, శాలువ కప్పి, పండ్లిచ్చి. మా మరిదికి గూడ ఆఫీసుల గట్లనే చేసిన్రు. తెల్లారి అలవాటుగ పోతే, ఆయన కుర్చీల ఇంకొకాయన కూసున్నడు."

సౌభాగ్యకు నవ్వు ఆగలేదు. జయాబాయి ముఖం చూశాక ఆగింది. "నీ పని నచ్చి కప్పిన్రక్కా. పొమ్మని కాదు."

"పని నచ్చితే శాలువ ఎందుకమ్మా? పొయ్యి కాడ కప్పుకుంటనా?"

"మరి ఏమిస్తే బాగుండు?"

జయాబాయి ఇంకో గుప్పెడు కాయలు ఒలిచింది. "ఊరందరి బుత్తికి రొట్టెలు నేనే కొడితి. మస్కి ఊరి కాడ మా అన్న చేన్ల నా బుత్తి దించి ఎన్నేండ్లయిందో యాదికి లేదు. ఇప్పుడు తీరిక దొరికె గదా అని, వస్తనని అన్నకు మాటిచ్చిన. అమాస అయినంక పిలిస్తే వస్త. ముందుగాల మటుకు రాను. ఏమనుకోకమ్మా."

మధ్యాహ్నం భోజనాల దగ్గర సౌభాగ్య అంతా చెప్పింది. కూతురు రక్షితకు నవ్వీ నవ్వీ పొలమారింది. "జయత్తను రిటైర్ చేసినవా నాయ్నా!"

"నవ్వకు," అన్నాడు అమరేశ్, తానూ నవ్వుతూనే. తర్వాత ముఖం మారింది. "అదొక్క దినమే గద సౌభాగ్యా, మన గిరాకి! చీర పెడదాం. ఎండి గిన్నె ఏదన్న ఇద్దాం."

"మళ్ల మీకు తోచిందే ఇస్తరా? ఆమె అడిగింది చెప్పిన గద."

"సరే, ఆమెనొక్కదాన్నే పోనిద్దాం."

"మిగిలినోళ్లు ఏం పాపం చేసిన్రు? వాళ్లకు అన్నలు లేరా, చేన్లు లేవా?"

అమరేశ్ పెరుగన్నం కలుపుకున్నాడు. సౌభాగ్య ఇంకో గరిటె పెరుగు వేసింది. చివరికి అతను చెయ్యి కడుక్కోకుండానే గొంతు సవరించుకున్నాడు.

"ఇద్దరూ ఇనుండ్రి. ఎళ్ల అమాసకు దుకాణం బంద్. అందరికీ. ఆ దినం కూలి గూడ ఇస్తం. రొట్టెలు కావాలన్నోళ్లు ముందురోజే కొనుక్కపోవాలె, లేకుంటె ఇంట్ల కొట్టుకోవాలె."