ఏడుపు హాలుకు దారి

ఆ నాటకశాలలో రెండు సంఘాలు, రెండు హాళ్ళు. ఎడమ తలుపు తోస్తే నవ్వుల నాటకం, కుడి తలుపు తోస్తే ఏడుపు నాటకం. తలుపులు రెండూ కవలపిల్లల్లా ఉంటాయి. పైనున్న అక్షరాలు రాలిపోయి ఏళ్ళయింది. టికెట్టు కూడా ఒకటే, ఏ హాలుకైనా చెల్లుతుంది. ఎటు పోవాలో జనానికి చెప్పేది, మధ్యలో స్టూలు వేసుకుని టికెట్లు చింపే, ఊరంతా అక్కయ్య అని పిలిచే ఆవిడ ఒక్కతే.

అక్కయ్యకు భయం పుట్టుకతో వచ్చిన ఆస్తి. ఎవరు తుమ్మినా న్యుమోనియా అనుకుంటుంది. ఫోను మోగితే ఎవరో పోయారనుకుంటుంది, మోగకపోతే పోయింది తన కూతురే అనుకుంటుంది. ఆ కూతురు ఇప్పుడు భవనాలు గీసే చదువు ముగించింది. ఈ నాటకశాల లాబీనీ, వీధివైపు ముఖాన్నీ కొత్తగా తీర్చే పని దాని మొదటి పని. రెండు సంఘాల పెద్దలూ సంతకం పెడితేనే అది ఖాయం.

కూతురు అట్టముక్కలతో నమూనా చేసి బల్లమీద పెట్టింది. వీధివైపు గోడంతా అద్దం. లోపల నవ్వులకు పసుపు తలుపు, ఏడుపుకు నీలం తలుపు. రోడ్డు అవతలి నుంచే తెలిసిపోతుంది.

"అద్దమా? ఎవరైనా చూసుకోకుండా వచ్చి మొహం పగలగొట్టుకుంటే?" అంది అక్కయ్య.

"అద్దంమీద గీతలుంటాయమ్మా."

"ఆ గీతలేంటో చూద్దామని దగ్గరికొచ్చి గుద్దుకుంటే?"

"అమ్మా, నువ్వెళ్ళి స్టూలుమీద కూర్చో."

నవ్వుల సంఘం పెద్ద, అందరూ బొజ్జాయన అనే మనిషి, కాగితం చూడకుండానే సంతకం గిలికేశాడు. "నువ్వు తలుపే పెట్టకపోయినా నా జనం గోడ దూకి వస్తారులే, అమ్మాయ్!"

ఏడుపు సంఘం పెద్ద మేష్టారు. ఇరవై ఏళ్ళుగా వారానికి నాలుగుసార్లు వేదికమీద చనిపోతున్నారు. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "రేపొక్కరోజు తలుపులమీద అట్టబోర్డులు పెట్టి చూద్దాం. నా ప్రేక్షకులకు ఇబ్బంది లేకపోతే సంతకం చేస్తాను," అన్నారు.

మేష్టారి హాలు ఎలా నిండుతోందో ఈ లోకంలో తెలిసింది అక్కయ్య ఒక్కదానికే.

పన్నెండేళ్ళ కిందట ఒకరోజు ఆయన నాటకానికి నలుగురే వచ్చారు. చావు సీనులో పడిన మనిషి ఎంతకీ కదల్లేదు. నిజంగానే పోయాడనుకుని అక్కయ్య నీళ్ళ గ్లాసుతో వేదిక ఎక్కేసింది. ఆయన ఒంటికన్ను తెరిచి, "ఇంకా డైలాగుంది, దిగు," అన్నారు. దిగింది కానీ, ఆ ఖాళీ కుర్చీలు ఏనాటికైనా ఈయన్ని మింగేస్తాయన్న భయం మాత్రం దిగలేదు. మర్నాటి నుంచి "నవ్వుల నాటకం ఎటండీ?" అని అడిగినవాళ్ళలో ముగ్గురిలో ఒకరికి కుడి తలుపు చూపించడం మొదలుపెట్టింది. ఆ తలుపు లోపల వేదిక పక్కనే తెరుచుకుంటుంది. ఒకసారి కూర్చున్నాక అందరి ముందూ లేచి రావడానికి ఎవరికీ మొహం చెల్లదు. బయటికొచ్చి తిడతారేమోనని మొదట్లో హడలిపోయింది కానీ, గంటన్నర ఏడ్చినవాళ్ళకు తిట్టే ఓపిక ఎక్కడిది?

మర్నాడు పొద్దున్నే కూతురికి అంతా చెప్పేసింది.

"పన్నెండేళ్ళుగానా?" అని కూతురు నోరు తెరిచింది.

"బోర్డులుంటే ఆయన హాలు ఖాళీ, నీ పని పోతుందే తల్లీ! ఇవాళ కూడా ఓ నలభైమందిని అటు తోసేస్తాను, నువ్వు చూడనట్టుండు."

"నామీద ఒట్టే. ఇవాళ నువ్వు పెదవి కదిపితే నేనీ పని ముట్టను. చెప్పాల్సింది బోర్డులు, నువ్వు కాదు."

కూతురిమీద ఒట్టంటే అక్కయ్యకు ఊపిరి తీయడానికి కూడా భయమే. సాయంత్రం పెదవులు బిగించి టికెట్లు చింపింది. జనం బోర్డులు చదివారు, వరద ఎడమకు మళ్ళినట్టు మళ్ళారు. బొజ్జాయన అదనపు కుర్చీలకోసం పరుగులు పెట్టాడు. కుడివైపుకు ఒక ముసలి జంట వెళ్ళింది. కాసేపటికి ఇంకొందరు. ఒక కుర్రది రెండు బోర్డులూ మార్చి మార్చి చూస్తూ నిలబడింది. అక్కయ్య నాలుక దురదతో చచ్చిపోయింది. ఆ పిల్ల తనంతట తానే కుడికి నడిచింది.

మొత్తం పదకొండుమంది.

నాటకమయ్యాక మేష్టారు రంగు కడుక్కోకుండానే లాబీలోకి వచ్చారు. కూతురు నమూనా పక్కన తలవంచుకు నిలబడింది. ఇక అక్కయ్య ఆగలేకపోయింది.

"తప్పు పిల్లది కాదు మేష్టారూ, నాది. ఇన్నేళ్ళూ మీ హాల్లోకి జనాన్ని మాయచేసి తోసింది నేనే. నన్ను పనిలోంచి తీసెయ్యండి, దాని కాగితం మాత్రం చించకండి."

మేష్టారు రంగు మొహాన్ని అరచేత్తో కొట్టుకున్నారు.

"అందుకా! నేను చచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు పకపకా నవ్వేవాళ్ళు. నవ్వుల నాటకమనుకుని నవ్వారా వాళ్ళు? నాకు చావడం చేతకావట్లేదని పన్నెండేళ్ళు కుమిలిపోయాను కదమ్మా!"

"అయ్యో..."

"ఇవాళ ఒక్కరూ నవ్వలేదు. పదకొండుమందీ చక్కగా ఏడ్చారు." ఆయన కూతురి చేతిలోంచి పెన్ను లాక్కుని సంతకం చేశారు. వేళ్ళమీది రంగు కాగితానికి అంటింది. "నా హాల్లో ఆరు వరసలు తీసేసి ఆ చోటు నీ లాబీలో కలుపుకో. బొజ్జాయన జనం నిలబడేది అక్కడేగా." తర్వాత తల్లివైపు తిరిగారు. "రేపు స్టూలు దిగి లోపలికొచ్చి కూర్చో. పన్నెండుమందవుతారు."

"అమ్మో, నావల్ల కాదండీ," అంది అక్కయ్య. "మీరు మళ్ళీ పోతారు."