బొత్తాం కళ్లు

అక్కచెల్లెళ్లిద్దరూ చెప్పులు బాగుచేసే కొట్టు పై వాటాలో ఉండేవారు. ఒక గదిలో మంచాలు, ఇంకో గదిలో ఊలు. అక్క పెళ్లి చేసుకోలేదు. చెల్లెలు చేసుకుంది గానీ, భర్త పోయాక పిల్లాజెల్లా లేని ఇంట్లో ఉండలేక పెట్టె పట్టుకుని అక్క దగ్గరికే వచ్చేసింది. చిన్నప్పుడు ఇంట్లో తగిలించిన పేర్లు జుట్టు నెరిసినా వాళ్లని వదల్లేదు. ఏ పనైనా కొలిచి, చూసుకుని, మళ్లీ కొలిస్తే గానీ ముట్టుకోదు కాబట్టి అక్క కొలబద్ద. ఏం చెప్పినా "చిటికెలో చేసి పడేస్తా" అంటుంది కాబట్టి చెల్లెలు చిటికె.

ఏడాది చివరి సెలవుల ముందు బడి హాల్లో చేతిపనుల బజారు పెట్టేవారు. దానికోసం వీళ్లు ఏడాది పొడుగునా అల్లేవారు. టోపీలు, మేజోళ్లు, మఫ్లర్లు. అన్నిటికన్నా గిరాకీ ఏనుగు బొమ్మలకి. కొలబద్ద బూడిదరంగు ఊలుతో ఒళ్లు, చెవులు, తొండం అల్లి ఇస్తే, చిటికె దూది కూరి, అతుకులు కుట్టి, తోక తగిలించేది. కళ్లు మాత్రం కొలబద్దే పెట్టేది. నల్లదారం ఊల్లోకి దిగేలా కుట్టేది.

"అవేం కళ్లక్కా, అప్పుడే నిద్ర లేచినట్టు!" అని చిటికె ఏటా సణిగేది. "పక్క బల్ల మీద కుందేళ్లని చూడు. బొత్తాం కళ్లు, ఎలా మెరుస్తున్నాయో! జనమంతా అటే ఎగబడుతున్నారు."

"పసిపిల్లలు దేన్నైనా ముందు నోటితోనే చూస్తారే. ఊడొచ్చేదేదీ బొమ్మకి ఉండకూడదు" అనేది కొలబద్ద. ఆ మాట మీద ఇంక అప్పీలు లేదు.

ఆ ఏడు మాత్రం బజారు దగ్గర పడ్డాక కొలబద్దకి జ్వరం తగులుకుంది. మంచం దిగితే కళ్లు తిరిగేవి. ఏనుగులన్నీ కళ్లు లేకుండా బుట్టలో పడున్నాయి. "నువ్వు పడుకో అక్కా, నేను చూసుకుంటాగా" అంది చిటికె. పాత కోట్ల నుంచి కోసి దాచిన నల్ల బొత్తాలు డబ్బాలోంచి తీసి, కిటికీ పక్కన కూర్చుని, వరసగా కుట్టేసింది. కూనిరాగం కూడా తీసింది. బొమ్మలు నిజంగానే ప్రాణం వచ్చినట్టు చూశాయి.

జ్వరం తగ్గీ తగ్గకుండానే కొలబద్ద బజారుకొచ్చింది. బల్ల దగ్గరికి రాగానే ఆగిపోయింది.

"ఇవేంటే?"

"అరవకు, జనం చూస్తున్నారు. గట్టిగానే కుట్టాను. కావాలంటే గుంజి చూడు."

కొలబద్ద ఒక ఏనుగుని తీసుకుని కన్ను పట్టుకుని గుంజింది. రాలేదు. ఇంకోసారి గుంజింది. కదల్లేదు. నీరసంగా కుర్చీలో కూలబడి, "సరే, ఈ ఒక్క ఏడాదికే" అంది.

ఆ ఏడు ఏనుగులు వేడివేడి టీలా అమ్ముడుపోయాయి. మధ్యాహ్నానికి చివరిది మిగిలింది. డ్యూటీ దిగి యూనిఫారంలోనే వచ్చిన బస్సు డ్రైవరు ఒకతను మేజోళ్లు చూస్తున్నాడు. భుజమ్మీద అప్పుడప్పుడే నడక నేర్చిన కొడుకు. ఆ పిల్లాడు వంగి ఏనుగుని చెవి పట్టి లాక్కున్నాడు. తండ్రి విడిపించబోతే ఆకాశం అందుకునేలా ఏడుపు.

"ఇంకేముంది, మావటివాడు దొరికాడు! ఏనుగు ఇక మాది కాదు" అని చిటికె నవ్వింది. డ్రైవరూ నవ్వాడు. ఏనుగుని కొనుక్కుని, పిల్లాడి చెయ్యి పట్టుకుని వాళ్లకి టాటా చెప్పించి వెళ్లాడు.

సెలవులైపోయి, బళ్లు తెరిచాక ఒక ఉదయం తలుపు చప్పుడైంది. బజారు నడిపించే రిటైరైన హెడ్మిస్ట్రెస్ నిలబడుంది. వెనక మెట్ల మీద ఆ డ్రైవరు. గడ్డం మాసిపోయింది. చిటికె గుర్తుపట్టి, "రా బాబూ, మావటి ఎలా ఉన్నాడు?" అంది.

హెడ్మిస్ట్రెస్ చెయ్యెత్తి ఆపింది. "పిల్లాడు పోయాడమ్మా" అంది. "బొమ్మ కన్ను ఊడి గొంతులో అడ్డం పడింది. ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే..."

డ్రైవరు సంచిలోంచి ఏనుగుని తీసి ఊలు ఉండల మధ్య బల్ల మీద పెట్టాడు. ఒక కన్ను ఉంది. ఇంకోచోట దారప్పోగులు లేచి ఉన్నాయి.

"ఇది ఎవరు కుట్టారు?"

చిటికె మాట కూడదీసుకునేలోపే పక్క నుంచి అక్క గొంతు వినపడింది.

"నేనే."

అతను కొలబద్ద వైపు తిరిగాడు. కొట్టడానికే వచ్చినవాడిలా పిడికిళ్లు బిగిసి ఉన్నాయి. నెరిసిన తల చూసి ఆగిపోయాడు.

"మీకు పిల్లలున్నారా?"

"లేరు బాబూ."

"అదీ. అందుకే" అన్నాడు. ఏనుగుని మళ్లీ సంచిలో పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. హెడ్మిస్ట్రెస్ గుమ్మం దగ్గర ఆగి, "ఇక బజారులో మీకు బల్ల ఇవ్వలేను, ఏమనుకోకండి" అంది. ఏమనుకుంటారు?

వాళ్లు వెళ్లాక చిటికె ఏడ్చింది. "ఎందుకలా చెప్పావక్కా? నేను కుట్టాను. నా చేత్తో కుట్టాను."

"నేనూ గుంజి చూశాగా" అంది కొలబద్ద. "ఒక్క బొమ్మనే గుంజాను. మిగతావి గుంజలేదు. జ్వరంగా ఉందని, కూర్చోవాలనిపించిందని వదిలేశాను. వద్దని తెలిసినదాన్ని నేను. తెలియక చేసినదానివి నువ్వు. అబద్ధం ఏముంది ఇందులో?"

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ చీటీల మీద పెద్దక్షరాలతో రాసి కింద కొట్లోనూ, బడి గేటు దగ్గరా అంటించారు. ఏనుగులు కొన్నవాళ్లు కళ్లు కోసెయ్యండి, లేదా తెచ్చిచ్చెయ్యండి అని. కొందరు తెచ్చిచ్చారు. ఒకావిడ మెట్లెక్కకుండానే కింది నుంచి విసిరేసి పోయింది. ఊలు కొట్టువాడు పలకరించడం మానేశాడు. డ్రైవరు నడిపే బస్సు ఆ వీధిలోంచే పోయేది. స్టాపులో కొలబద్ద ఒక్కతే ఉంటే ఆగకుండా వెళ్లిపోయేది. కొలబద్ద సూదులు, ఊలు మూటగట్టి మంచం కిందకి తోసేసింది. లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పనిలో చేరింది. తిండి సయించేది కాదు. ఒళ్లు సగమైపోయింది.

అది చూడలేక, ఒకరోజు చిటికె డ్రైవరు ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. అతను డ్యూటీలో ఉండే వేళ చూసుకునే వెళ్లింది. పిల్లాడి తల్లి తలుపు తీసింది. చిన్న వయసు. ఇంట్లో తడిబట్టలు ఆరేసిన తాడు మీద పిల్లాడి చొక్కాలు ఇంకా ఉన్నాయి. ఉతికి ఉతికి వెలిసిపోయాయి.

"ఆ బొత్తాలు కుట్టింది నేనమ్మా" అంది చిటికె, నిలబడే. "మా అక్క కాదు. తిట్టాలనుంటే నన్ను తిట్టు. ఆవిడని వదిలెయ్యమని మీ ఆయనకి చెప్పు."

ఆమె తిట్టలేదు. కుర్చీ చూపించింది. తనూ కూర్చుంది.

"ముందురోజే చూశాను నేను" అంది.

"ఏంటమ్మా?"

"ఆ కన్ను. వేలాడుతోంది. కొరికి కొరికి దారం వదులు చేశాడు. సాయంత్రం కుట్టేద్దాంలే అనుకున్నా. బట్టలున్నాయి, గిన్నెలున్నాయి. మర్చిపోయా." ఏడుపు ఎప్పుడో అయిపోయిన గొంతు అది. "ఆయనకి తెలీదు. ఎవరికీ తెలీదు. మీకే చెప్తున్నా."

చిటికె ఓదార్చడానికి చెయ్యి చాచి, ఆ చెయ్యి ఎవరిదో గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది.

"మీ అక్క మీద కోపంతోనే ఆయన పొద్దున లేస్తున్నాడు" అంది ఆమె. "ఆ కోపంతోనే పనికెళ్తున్నాడు, నా పక్కన కూర్చుని తింటున్నాడు. అది నా మీదకి మళ్లిందంటే ఈ ఇల్లు నిలవదు. ఆయన మిగలడు, నేనూ మిగలను. ఎవరు కుట్టారన్నది ఆయనకి చెప్పొద్దు. నేను చెప్పింది మీ అక్కకి కూడా చెప్పొద్దు. మీరు పెద్దవాళ్లు, మొయ్యగలరు."

మొయ్యగలమో లేదో చిటికెకి తెలియదు. అయినా "సరేనమ్మా" అంది.

ఇంటికొస్తే కొలబద్ద లాండ్రీ నుంచి వచ్చి చల్లారిన టీ ముందు కూర్చుని ఉంది. "ఎక్కడికెళ్లావే?"

"ఊరికే. కాస్త గాలి పీల్చుకుందామని."

చిటికె ఒక్క మాట చెబితే అక్క తిండి తింటుంది. ఆ ఒక్క మాటకి అవతల ఒక ఇల్లు కూలిపోతుంది. పుట్టాక మొదటిసారి ఆమె ఒక పని చిటికెలో తేల్చలేకపోయింది. రోజులు గడిచాయి, తేలనే లేదు. చెప్పనే లేదు.

చలికాలం మళ్లీ వచ్చింది. బడి హాలు ముందు బజారు రంగుకాగితాలు కట్టారు. కొలబద్దకి మోకాళ్లు పట్టేశాయి. లాండ్రీకి వెళ్లి రావడం కష్టమవుతోందని చిటికె రోజూ తోడు వెళ్లేది. ఒక సాయంత్రం సన్నగా వాన పడుతుంటే ఇద్దరూ స్టాపులో నిలబడ్డారు. బస్సు వచ్చింది. చిటికె చెయ్యెత్తింది. అద్దం వెనక డ్రైవరు మొహం కనపడింది. వాళ్లని చూశాడు. బస్సు వేగం తగ్గలేదు. నీళ్లు చిమ్ముకుంటూ వెళ్లిపోయింది.

"వానలో కనపడి ఉండం పాపం" అంది కొలబద్ద.

"చూశాడక్కా."

"నీకు కోపం రాలేదేంటే?" కొలబద్ద చెల్లెలి మొహంలోకి వింతగా చూసింది. "అప్పట్లో అయితే బస్సు వెంట పరిగెత్తి తిట్టేదానివి."

చిటికె అక్క భుజం కింద చెయ్యేసి ఎత్తి పట్టుకుంది. ఎముకలే తగిలాయి. రోడ్డు పైకి ఎక్కుతూ ఉంది. ఇల్లు ఇంకా చాలా దూరం. దుకాణాల అరుగుల మీద కూర్చుంటూ, లేస్తూ, ఇద్దరూ తడుస్తూనే నడిచారు.