మేఘం బరువు

భ్రమరాంబ కిందికి దూకితే ఇద్దరు పిల్లలు పైకి ఎగిరేవాళ్లు. వాసంతి నడిపే గాలినాట్య బృందంలో పని అలా జరిగేది. బాలానగర్‌లో మూతపడ్డ ఫ్యాన్ల ఫ్యాక్టరీ షెడ్డు ఒకటి కిరాయికి తీసుకుని, పైనున్న ఇనుప దూలానికి గిలక బిగించారు. గిలక మీదుగా వచ్చే తాడు ఒక కొస ఎగిరేవాళ్ల నడుము పట్టీకి, రెండో కొస దూకేవాళ్ల నడుము పట్టీకి కడతారు. దూకే మనిషి నిచ్చెనెక్కి, తాళం చూసుకుని దూకాలి. అప్పుడు రెండు చేదల బావిలో ఒకటి దిగితే ఇంకోటి లేచినట్టు ఎగిరే మనిషి గాల్లోకి లేస్తుంది. దూకిన మనిషి మళ్లీ నిచ్చెనెక్కితే పైనున్న మనిషి నేలకు దిగుతుంది. జనం చప్పట్లు ఎగిరినవాళ్లకే. దూకినవాళ్లు నల్లబట్టలు వేసుకుని నల్లతెర వెనక ఆయాసపడుతుంటారు.

దూకేవాళ్లు ఎగిరేవాళ్లకంటే కాస్త బరువుండాలి, మరీ ఎక్కువా ఉండకూడదు. అందుకే వారం వారం పక్కనున్న పాత ఇనుప కొట్టు కాటా మీద అందరినీ తూచేవాళ్లు. ఆ కొట్టువాడికి రహస్యమనే మాట తెలియదు. ఆడవాళ్ల బరువులు కూడా రోడ్డవతలికి వినపడేలా చదివేవాడు. పింకీ, ఆమని అనే ఇద్దరు బక్కపిల్లలు కలిసి నిలబడితే భ్రమరాంబకు కాస్త తక్కువగా తూగేవారు. కాబట్టి కొంగల వేషం వేసే ఆ జంటకు ఆవిడే దిక్కు.

భ్రమరాంబ అసలు ఈ బృందంలోకి వచ్చింది దుస్తులు కుట్టడానికి. రేపల్లెలో చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకుంది. అప్పట్లో నాయిక వేషం ఆవిడదే. ఒళ్లు వచ్చిన కొద్దీ నాయిక పోయి చెలికత్తె అయింది, చెలికత్తె పోయి తాళాలు చేతికొచ్చాయి. పెళ్లయి మదీనాగూడ చేరాక తాళాలు కూడా అటకెక్కాయి. ఇప్పుడు ఈ నిచ్చెన దొరికింది. ఇంట్లో మాత్రం కుట్టుపని అనే చెప్పింది. భర్త రామబ్రహ్మం సచివాలయంలో సెక్షన్ ఆఫీసరు. చుడీదార్ వేసుకుని నిచ్చెన మీదనుంచి దూకుతున్నానని అలాంటి మనిషికి ఎలా చెబుతుంది?

మాదాపూర్‌లో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ తన కొత్త అద్దాల భవనం ప్రారంభానికి వీళ్ల నాట్యం పెట్టించింది. అందులో మేఘం వేషం పింకీది, ఆమె కోసం దూకేది తాళ్ల మేస్త్రీ మొగిలి. సాధన చూస్తూ వాసంతి పెదవి విరిచింది.

"మేఘంలా లేదు, అగరుబత్తి పొగలా ఉంది" అంది.

"నేను వేస్తాను" అనేసింది భ్రమరాంబ. అన్నాక ఆవిడకే చెవులు వేడెక్కాయి.

వాసంతి ఎగాదిగా చూసి సంబరపడింది. మొగిలి తల గోక్కున్నాడు. "నిన్ను లేపాలంటే నీకంటే బరువున్నోడు గావాలె అమ్మా. మన దాంట్ల ఎవడున్నడు చెప్పు."

ఎవరూ లేరు. అందరూ ఈనెపుల్లలే. భ్రమరాంబ నవ్వేసి నిచ్చెనెక్కింది గాని, ఆ రోజంతా ఆవిడకు ఏడుపొస్తూనే ఉంది. ఒక్కసారి తను పైకి వెళ్లాలి. ఇంకెవరినో పంపడానికి కాకుండా, తనే వెళ్లాలి. ఆ కోరిక ఇంత గట్టిదని అడిగేదాకా ఆవిడకూ తెలియదు.

ఇంతలో కార్తీకమాసం వచ్చింది. మొదటి సోమవారం మధ్యాహ్నం ఆవిడ ఎప్పటిలాగే దూకి సగంలో ఆగిపోయింది. అవతల కొంగలు కూడా సగంలోనే ఆగాయి. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వేలాడారు.

"ఆంటీ, ఇగ పైకి పోమా?" అంది పింకీ.

మొగిలి వాళ్లను దింపి, "పొద్దుగాల ఏం తిన్నవమ్మా?" అని అడిగాడు.

"కార్తీక సోమవారం కదయ్యా. నక్షత్రం చూసేదాకా మంచినీళ్లే. నిన్న కూడా ఒంటిపూటే."

"శివునికి నేను చెప్పుకుంటగని, ప్రోగ్రాం అయ్యేదాంక నువ్వు ఉపాసం బంద్ వెట్టు. లేకుంటే పోరీలు గాల్లనే ఉంటరు."

మరుసటి సోమవారం భ్రమరాంబ దేవుడి గదిలో లెంపలు వేసుకుని, వంటింట్లో నిలబడి పెసరట్టు తింటోంది. తువ్వాలు కోసం వచ్చిన రామబ్రహ్మం అది చూశాడు. పెళ్లయినప్పటినుంచీ ఆవిడ కార్తీక సోమవారం పొద్దున మంచినీళ్లు తప్ప ఇంకేమైనా ముట్టడం ఎరగడు. డాక్టరు చెబితే తప్ప తినదు, అంటే ఏదో జబ్బు దాస్తోంది. ఆఫీసు మనిషి కదా, ఆవిణ్ని అడగకుండా విచారణకు దిగాడు. సెలవు పెట్టి, ఆవిడెక్కిన బస్సు వెనకాలే ఆటోలో బయలుదేరాడు.

ఆస్పత్రి వస్తుందేమోనని దారిపొడవునా చూశాడు. వచ్చింది రేకుల షెడ్డు. లోపలికి తొంగిచూస్తే నిచ్చెన కొసన నల్ల చుడీదార్‌లో తన భార్య. పిలుద్దామని నోరు తెరిచేలోగా ఆవిడ దూకేసింది. రామబ్రహ్మం ఉన్నచోటే కూలబడ్డాడు.

మంచినీళ్లు తాగాక, "నీకు షుగరేమో అనుకున్నాను" అన్నాడు. కోప్పడతాడనుకున్న భ్రమరాంబకు ఆ మాటతో నవ్వూ కన్నీళ్లూ కలిసి వచ్చాయి.

మొగిలి మాత్రం ఆయన చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. "సారు, జర ఆ కాటా మీద నిలబడుండ్రి."

ఇనుప కొట్టువాడు అంకె చదివేసరికి షెడ్డంతా ఊపిరి బిగబట్టింది. భ్రమరాంబకంటే ఆయన కాస్త ఎక్కువే. వాసంతి రెండు చేతులూ జోడించింది.

"స్టూలెక్కి బల్బు మార్చాలంటేనే నాకు కళ్లు తిరుగుతాయండీ" అన్నాడు రామబ్రహ్మం. అది నిజం. ఇంట్లో బల్బులు మార్చేది ఆవిడే.

ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ ఆవిడ, "నాకు పైకి వెళ్లాలని ఉందండీ. ఒక్కసారి" అంది.

"నా చేతిలోంచి జారితే?"

"చేతిలో ఏముందండీ. నడుముకు కడతారు."

ఆయన మజ్జిగ పోసుకున్నాడు. మర్నాటినుంచి ఆఫీసు వదలగానే బాలానగర్ రావడం మొదలుపెట్టాడు. నిచ్చెన రెండు మెట్లెక్కి దూకేవాడు. దాంతో ఆవిడ మోకాలెత్తు లేచేది. పైమెట్టు దాకా ఎక్కేవాడు గాని అక్కణ్నుంచి ఒక్కసారీ దూకలేదు, చెమటలు కక్కుతూ దిగొచ్చేవాడు. చివరికి వాసంతి తేల్చి చెప్పింది. ప్రదర్శనలో మేఘం పల్లవి రెండుసార్లు వస్తుంది. రెండోది ముగిసేలోగా ఆయన దూకకపోతే, పక్క గిలక మీద మొగిలి దూకుతాడు, పింకీ మేఘమవుతుంది.

ప్రారంభం నాడు అద్దాల భవనం ముందు పెద్దమనుషులు చాలాసేపు మాట్లాడారు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లకేమవుతుందో అందరూ వివరించారు. తర్వాత, ఇనుప చట్రానికి గిలకలు బిగించిన వేదిక మీద దీపాలు తగ్గాయి. కొంగలు ఎగిరాయి, దిగాయి. భ్రమరాంబ గబగబా బూడిదరంగు పట్టు చుట్టుకుని నేలమీద మేఘంలా ముడుచుకుని కూర్చుంది. తెర వెనక నిచ్చెన పైమెట్టు మీద రామబ్రహ్మం కళ్లు మూసుకుని నిలబడ్డాడు.

మొదటి పల్లవి అయిపోయింది. తాడు కదల్లేదు.

రెండోది ఎత్తుకున్నారు. పక్కన పింకీ పట్టీ సర్దుకుంది. మొగిలి పక్క నిచ్చెనెక్కాడు. భ్రమరాంబకు భర్త మీద కోపం రాలేదు. ఆయన నిచ్చెనను కరుచుకుని నిలబడడం తెర సందులోంచి కనిపిస్తోంది. పోనీలే పాపం, దిగిపొమ్మందామని చెయ్యెత్తబోయింది.

అంతలో నడుము పట్టీ బిగిసింది. నేల జారిపోయింది.

సగంలో, తెర సందుకు అటూ ఇటూ ఇద్దరూ ఎదురయ్యారు. ఆయన ఇంకా కళ్లు మూసుకునే కిందికి వస్తున్నాడు.

"కళ్లు తెరవండి" అంది భ్రమరాంబ, పైకి వెళ్తూ.

పైన గాలి చల్లగా ఉంది. పట్టు విచ్చుకుంది. అద్దాల వెనక రెండో అంతస్తులో టీ కప్పులు పట్టుకున్న కుర్రాళ్లు నోళ్లు తెరిచారు. కొండాపూర్ వైపు కొత్తగా కడుతున్న ఇళ్ల దీపాలు కనిపించాయి. ఆవిడ చేతులు రేపల్లెలో నేర్చుకున్నదంతా వాటంతటవే చెప్పసాగాయి. ఒళ్లు బరువనే సంగతి ఆవిడకు గుర్తే రాలేదు.

చరణం అయిపోయింది. మేఘం దిగాలి. వాసంతి సైగ చేసింది.

"సారు, నిచ్చెన ఎక్కుండ్రి. అమ్మ దిగాలె" అన్నాడు మొగిలి గుసగుసగా.

రామబ్రహ్మం కదల్లేదు. రెండు చేతులతో తాడు పట్టుకుని తల పైకెత్తి చూస్తున్నాడు.

"ఇంకోసారి ఆ చరణం పాడమనండి" అన్నాడు. "ఇన్నేళ్లలో ఆవిడ నాట్యం చేస్తుంటే నేను చూడ్డం ఇదే మొదలండీ."

మొగిలి పాటవాళ్ల వైపు చెయ్యి తిప్పాడు. వాళ్లు చరణం మళ్లీ ఎత్తుకున్నారు.