టికెట్లక్క పట్టిపెట్టిన పన్నెండు సీట్లు

పొద్దున్న తొమ్మిదిన్నరకి ఏజెన్సీ షట్టరు పైకి లేపడం, కుర్చీ దుమ్ము దులపడం, కంప్యూటర్ ఆన్ చేసి అది మేలుకునేలోపు ఫ్లాస్కులోంచి ఓ కప్పు టీ పోసుకోవడం. పంతొమ్మిదేళ్ళుగా టికెట్లక్కకి ఇదే వరస. అసలు పేరు జీతాల రిజిస్టర్లో తప్ప ఎక్కడా మిగల్లేదు. వీధి వీధంతా ఆవిణ్ణి టికెట్లక్క అనే పిలుస్తుంది, చివరికి ఏజెన్సీ ఓనరు కూడా.

చలికాలం వచ్చిందంటే ఇక ఊపిరాడదు. ఊళ్ళో ఉన్నవాళ్ళందరికీ ఒక్కసారే మంచుకొండ మీద జారాలని బుద్ధి పుడుతుంది. ఆ కొండకి నేరుగా వెళ్ళేది రోజుకి ఒకటే విమానం. "రాత్రి పడుకునేముందు చూశానండీ, ముప్ఫై ఒక్క వేలుంది. లేచేసరికి ముప్ఫై ఎనిమిది. నేను నిద్రపోవడమే తప్పా?" అని ఒకాయన గొడవ. కాళ్ళకి కట్టుకుని జారే స్కీలు తీసుకెళ్ళాలంటే విడిగా కట్టాలి, కిటికీ పక్కన కూర్చోవాలంటే విడిగా కట్టాలి, భుజాన ఉన్న సంచి పైన పెట్టుకోవాలన్నా విడిగానే. "మరి కాళ్ళు చాపుకోవడానికెంత మేడమ్?" అని ఇంకొకాయన వెటకారం. దానికీ రేటుందని టికెట్లక్క మొహం మార్చుకోకుండా చెబుతుంది.

ఆవిడకి ఆ విద్యలో తెలియనిదంటూ లేదు. "విమానంలో సీట్లన్నీ ఒక్క గంపలో ఉండవండీ," అని ఓపిగ్గా వివరిస్తుంది. "చవక గంపలో పన్నెండే ఉంటాయి. అవి ఖాళీ అయితే దాని పైగంప తెరుస్తారు. అదీ అయిపోతే ఆ పైది. మీరు పడుకున్నప్పుడు ఎవరో మేలుకుని మీ గంప ఖాళీ చేశారు." ఏ రోజు ఎన్నింటికి చూడాలో, ఏ ఊరి మీదుగా తిరిగి వెళితే నాలుగు వేలు మిగులుతాయో అన్నీ ఆవిడ నాలిక చివర ఉంటాయి. ఇంతా చేసి ఆవిడ తగ్గించగలిగేది మహా అయితే రెండు మూడు వేలు.

ఇక చెల్లెలి సంగతి. ఆమె చూస్తే విమానం టికెట్టు ధర తగ్గుతుంది. అంతే, చేసేదేమీ లేదు, కంప్యూటర్ వంక చూస్తుంది. మూడేళ్ళ కిందట అక్కకి మధ్యాహ్నం క్యారేజీ ఇవ్వడానికి వచ్చి, భుజం మీంచి తొంగి చూసింది. నలభై రెండు వేలున్నది పంతొమ్మిదికి జారింది. ముందు కూర్చున్న ఆయన డబ్బులు కట్టేసి, చెల్లెలికి ఓ నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి అటక మీది సామాను దింపడానికి పొడుగాటి మనిషిని పిలిచినట్టు, అవసరమైనప్పుడల్లా జనం ఆమెని పిలుస్తున్నారు. ఆ చూపు ఇంటద్దె మీద పనిచేయదు, కూరగాయల మీద పనిచేయదు. అక్కాచెల్లెళ్ళు రెండూ ప్రయత్నించి చూశారు.

చెల్లెలు రెండు వీధులవతల ఇస్త్రీ షాపులో పనిచేస్తుంది. ఇద్దరికీ పెళ్ళి కాలేదు, రెండు గదుల ఇంట్లో కలిసే ఉంటారు. కౌంటర్ ముందు నిలబడినవాడు టికెట్లక్క గంటసేపు చెమటోడ్చి చెప్పిందంతా విని, "మీ చెల్లెలుగారు ఎన్నింటికి వస్తారండీ?" అని అడిగితే ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కేది. అసూయ అని నాజూగ్గా చెప్పుకోవడం ఎందుకు, అది కుళ్ళే. చెల్లెలు వచ్చి ఆ వెర్రి మొహం వేసుకుని నిలబడి ధర దించేస్తే, అందరూ నవ్వుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు. "ఎందుకు తగ్గిందే?" అని అక్క అడిగితే, "ఏమోనక్కా," అనేది. ఆ ఏమో ఉందే, అది ఇంకా మండించేది.

ఈ ఏడు సీజన్ మొదలవగానే ఓనరు గొంతు సవరించుకున్నాడు.

"ఏమ్మా టికెట్లక్కా, ఒక మాట. శనివారం స్కీ క్లబ్బు వాళ్ళు పన్నెండు మంది వస్తున్నారు. మనిషికి ముప్ఫై వేలలోపు చూపిస్తే ఏడాదంతా మన దగ్గరే తీసుకుంటామన్నారు. మీ చెల్లెల్ని రమ్మన్నాను."

"వస్తుంది సార్. ఎప్పుడూ వస్తూనే ఉందిగా."

"అది కాదు. వాళ్ళ పని అయిందంటే, సోమవారం నుంచి ఆమెనే పెట్టుకుందామని. ఇద్దరికి జీతాలివ్వడం నావల్ల కాదు. నువ్వు వేరేగా అనుకోకు."

"దానితో మాట్లాడారా?"

"మాట్లాడాను. సంతోషంగా ఒప్పుకుంది."

సంతోషంగా ఒప్పుకుందట. ఇంటికెళ్ళి అడుగుదామనుకుంది, అడగలేదు. చెల్లెలూ తనంతట తాను చెప్పలేదు. ఇద్దరూ టీవీ చూస్తూ తినేసి లేచారు.

శుక్రవారం సాయంత్రం ఓనరు బ్యాంకుకి వెళ్ళినప్పుడు టికెట్లక్క క్లబ్బు వాళ్ళు వెళ్ళే బుధవారం విమానంలో చవక గంప తెరిచింది. పన్నెండు సీట్లూ ఉన్నాయి. డబ్బు కట్టకుండా ఇరవైనాలుగు గంటలు సీటు పట్టిపెట్టుకోవచ్చు, గడువు దాటితే దానంతటదే వదిలేస్తుంది. ఎవరికీ నష్టం లేదు. గంప ఖాళీగా ఉంటే చెల్లెలు ఎంత చూసినా ఏం తగ్గుతుంది? పంతొమ్మిదేళ్ళ అనుభవం అలా లెక్కేసింది.

చిక్కల్లా పేర్ల దగ్గర వచ్చింది. ఏవో అక్షరాలు కొడితే కంప్యూటర్ ఒప్పుకోలేదు, మనిషి పేర్లే కావాలంది. సరే అని గుర్తొచ్చినవి కొట్టడం మొదలుపెట్టింది. ఐదో క్లాసులో ప్రతిసారీ ఫస్టొచ్చిన పిల్ల. మోకాళ్ళదాకా జడ ఉన్న పిన్ని కూతురు. తనని చూడ్డానికొచ్చిన సంబంధాన్ని ఎగరేసుకుపోయిన పక్కింటమ్మాయి. పాత ఆఫీసులో ప్రమోషన్ కొట్టేసిన టైపిస్టు. ఒకరి వెనక ఒకరు బారులు తీరి వచ్చారు. పదకొండు మంది అయ్యేసరికి ఆవిడకే విడ్డూరంగా అనిపించింది, ఈ పేర్లన్నీ ఇంత తేలిగ్గా వేళ్ళలోకి ఎలా వస్తున్నాయని. పన్నెండోది చెల్లెలి పేరు. దానికి మాత్రం గుర్తింపు కార్డు నంబరు కూడా కొట్టేసింది. బ్యాంకు ఫారాల దగ్గర్నుంచి ఆస్పత్రి ఫారాలదాకా చెల్లెలివన్నీ తనే నింపుతుంది, ఆ నంబరు నోటికొచ్చు. అన్నీ వెళ్ళే వైపుకే పట్టిపెట్టింది. దారి మూసేదానికి తిరుగు ప్రయాణం ఎందుకు?

శనివారం క్లబ్బు కెప్టెన్ వచ్చాడు. ఊలు టోపీ, చేతిలో పన్నెండు మంది వివరాల కాగితం. చెల్లెలు ఉతికిన చీర కట్టుకుని, ఇంకా ఇస్త్రీ పెట్టె వాసనతోనే వచ్చింది. ఓనరు ఆమెని టికెట్లక్క కుర్చీలో కూర్చోబెట్టాడు. టికెట్లక్క పక్కన స్టూలు మీద కూర్చుంది. ఆ కుర్చీకి ఎడమవైపు స్క్రూ వదులని, అటు వాలకూడదని చెల్లెలికి చెప్పలేదు.

నలభై నాలుగు వేలు. చెల్లెలు చూసింది. నలభై నాలుగే. కెప్టెన్ వాచీ చూసుకున్నాడు, ఓనరు ఫ్యాను స్పీడు పెంచాడు. టికెట్లక్కకి ఎన్నాళ్ళకో కడుపు చల్లబడింది. చెల్లెలు మెడ ముందుకి సాచి, పెదవి పంటికింద పెట్టి, ఎప్పుడూ చూడనంత గట్టిగా చూసింది. ఆ పిల్ల దేనికోసమైనా అంత కష్టపడటం అక్క చూడ్డం అదే మొదటిసారి.

నలభై నాలుగు కాస్తా ముప్ఫై అయింది. ముప్ఫై పదిహేడయింది. పదకొండు దగ్గర కెప్టెన్ "చాలండీ, తీసేయండి," అన్నాడు. ఓనరు వంగి మీట నొక్కేశాడు, పన్నెండు మందికీ టికెట్లొచ్చేశాయి. చెల్లెలికి ఆపాలని తెలియలేదు. చూస్తూనే ఉంది. ఆరు, రెండు, సున్నా. ఆ విమానంలో ఉన్న ప్రతి సీటూ సున్నా అయింది. అందులో పట్టిపెట్టిన పన్నెండూ ఉన్నాయి. కట్టాల్సింది సున్నా అంటే కంప్యూటర్ లెక్కలో కట్టేసినట్టే. పక్కన ప్రింటర్ తనంతట తనే మొదలెట్టింది.

గంపలూ గడువులూ ఆవిడ విద్య. చెల్లెలి చూపుకి గంపలతో పనిలేదని ఆవిడకి తట్టనేలేదు.

ఓనరు కాగితాలు తీసి చూశాడు. పదకొండింటికి కార్డు నంబర్లు లేక మీద రద్దు అని పడింది. పన్నెండోది నిఖార్సయిన టికెట్టు. ముప్ఫై ఏళ్ళుగా ఈ వ్యాపారంలో ఉన్నవాడు, ఒక్క చూపుకే సంగతి అర్థమైపోయింది. టికెట్లక్క తల దించుకుంది.

చెల్లెలు ఆయన చేతిలోంచి కాగితాలు తీసుకుని ఒక్కొక్కటీ చదివింది. నిదానంగా చదివింది. చివరిదాని దగ్గర ఆగింది.

"అక్కా, ఇది నా పేరు. బుధవారం విమానానికి."

కెప్టెన్‌కి మాత్రం ఏమీ తెలియదు పాపం. "మీ అక్కగారు మీకోసం తీసి ఉంచారన్నమాట. మాతోనే వచ్చేయండి, జారడం నేర్పిస్తాం. ఇలాంటి అక్క ఎంతమందికి ఉంటుందండీ," అన్నాడు.

"అవునండీ. వస్తాను," అంది చెల్లెలు.

ఓనరు కళ్ళజోడు తుడుచుకుంటూ, "మీ చెల్లెలు వెళుతోందిగా, సోమవారం నువ్వే రామ్మా," అన్నాడు టికెట్లక్కతో, ఆవిడ మొహం చూడకుండా.

కుర్చీ దక్కింది. కానీ ఆ నాలుగు రోజులూ టికెట్లక్క లోలోపల ఉడికిపోయింది. పంతొమ్మిదేళ్ళు ఆ కొండకి వేలమందిని పంపింది. కోటు వేసుకుని తిరిగొచ్చినవాళ్ళు ఫొటోలు చూపిస్తే బావుందండీ అంది. తనెప్పుడూ వెళ్ళలేదు. రేటు బాగా తగ్గినప్పుడు వెళదామని ప్రతి ఏడూ అనుకోవడమే. ఇప్పుడు చూడు, తన చేత్తో తనే, పైసా ఖర్చు లేకుండా, దాన్ని పంపుతోంది. వెళ్ళొద్దని ఏ నోటితో చెబుతుంది? తన మందపాటి కోటు కూడా తీసిచ్చింది. అది చెల్లెలికి తనకంటే బాగా నప్పింది. అదొకటి.

బుధవారం విమానాశ్రయంలో క్లబ్బు వాళ్ళు స్కీల బరువు దగ్గర సిబ్బందితో వాదిస్తున్నారు. ఒకటిన్నర కిలో ఎక్కువుందట, దానికి సంచి ఖరీదంత కట్టాలట. అక్కాచెల్లెళ్ళు వెనక వరసలో నిలబడ్డారు.

"ఆ పదకొండు మందీ ఎవరో నాకు తెలుసక్కా," అంది చెల్లెలు మెల్లగా. "ఐదో క్లాసు పిల్ల దగ్గర్నుంచి అందరి గురించీ నాకేగా చెప్పుకుని ఏడ్చేదానివి. పక్కింటమ్మాయిని మనిద్దరం కలిసే తిట్టాం."

టికెట్లక్క వంగి పెట్టె తాళం సరిగ్గా పడిందో లేదో చూసింది.

"ఆ వరసలో నేనూ ఉన్నానని మాత్రం మొన్నే తెలిసింది."

"నేను... నీ పనికి అడ్డం పడదామనే చేశానే. నీకోసం కాదు."

"తెలుసు."

"మరి ఎందుకెళ్తున్నావు?"

"మంచు చూడాలని నాకు లేదా? నా టికెట్టు కోసం నేను చూసినప్పుడల్లా పెరిగేదక్కా. అందరికీ తగ్గించాను, నువ్వు ఎక్కడికైనా వెళతావా అని ఒక్కళ్ళు అడగలేదు. నువ్వూ అడగలేదు."

వరస ముందుకి కదిలింది. ఇద్దరూ పెట్టెని చెరోవైపు పట్టుకుని జరిపారు.

"ఆ కుర్చీ ఎందుకు ఒప్పుకున్నానో అది కూడా అడగలేదు నువ్వు," అంది చెల్లెలు. "గంపలు, గడువులు అని నువ్వు చెబుతుంటే మనుషులు నోరెళ్ళబెట్టి వింటారు. నాకు ఏది ఎందుకు తగ్గుతుందో కూడా తెలీదు. వాళ్ళు నా మొహం కూడా చూడరు, అంకె చూస్తారు. నువ్వంటే నాకెంత కుళ్ళో నీకు తెలీదక్కా."

టికెట్లక్క ఏదో అనబోయింది. అప్పటికే కౌంటర్లో అమ్మాయి తర్వాతివాళ్ళు రండి అని పిలిచింది. చెల్లెలు కార్డు చూపించి, పెట్టె తూకం వేయించి, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

పది రోజులకి క్లబ్బు వాళ్ళు మొహాలు కమిలిపోయి తిరిగొచ్చారు, చెల్లెలు రాలేదు. కొండమీద అద్దెకిచ్చే కోట్లు ఉతికి ఇస్త్రీ చేసే చోట పని దొరికిందట. కెప్టెన్ చెప్పాడు: "మొదటిరోజు మంచులో నిలబడి గంటసేపు నవ్వుతూనే ఉందండీ మీ చెల్లెలు. ఎందుకు నవ్వుతున్నావని అడిగితే చెప్పలేదు."

చెల్లెలు ఫోన్ చేసినప్పుడు టికెట్లక్క, "ఎలా ఉందే అక్కడ?" అని అడిగింది.

"బావుందక్కా," అంది చెల్లెలు. అంతకంటే ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పొచ్చుగా. ఎంత తెల్లగా ఉంది, కాలు ఎంత లోతుకి దిగుతుంది, నవ్వెందుకొచ్చింది. ఫోన్ పెట్టేశాక ఆ రోజంతా టికెట్లక్కకి అన్నం సహించలేదు.

మర్నాడు మధ్యాహ్నం జనం పల్చబడ్డాక, ఆవిడ కంప్యూటర్లో తన పేరు కొట్టింది. తన కార్డు నంబరు నోటికి రాలేదు, సంచిలోంచి కార్డు తీసి చూసి కొట్టాల్సొచ్చింది. ఆ కాస్తలోనే నలభై ఒకటి ఉన్న ధర నలభై ఆరయింది. నడిమి సీటు, మధ్యలో రెండుచోట్ల దిగి మారడం, సంచికి విడిగా, వెళ్ళకపోతే డబ్బు వెనక్కి రాదు. చూస్తుండగానే నలభై తొమ్మిదయింది.

ఓనరు వెనకనుంచి చూశాడు. "ఎవరికమ్మా ఇది? ఇలాంటి టికెట్టు మతిలేనివాడు కూడా కొనడని నువ్వేగా అంటావు."

"నాకే సార్."

"సీజన్ మధ్యలోనా? నువ్వెళితే ఆ కుర్చీలో ఇంకొకళ్ళని పెట్టుకోవాలి నేను. తిరిగొచ్చాక ఇవ్వలేను. ఆలోచించుకో."

అంకె యాభై రెండుకి ఎక్కింది. టికెట్లక్క మీట నొక్కింది. ప్రింటర్లోంచి వచ్చిన కాగితం ఇంకా వెచ్చగా ఉంది, మడిచి జాకెట్లో దోపుకుంది.

"అది చూసింది కద సార్," అంది. "నేను చూడొద్దూ?"